ఇంట్లో మగవాడుంటే ఆకలి తీరినట్టేనా?

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం, మా వీధిలో నాలుగిళ్లలో వంటపని చేసే ఒకామె మా ఇంటికి వచ్చింది. భర్త వదిలేసి వెళ్లి తొమ్మిదేళ్లయింది. ఆమెకు ఒంటరి మహిళల పింఛను వచ్చేది. మూడు నెలలుగా ఆ డబ్బు బ్యాంకులో పడటం లేదు. ఆఫీసుకు వెళ్లి అడిగితే, "మీ ఇంట్ల ఒక మొగాయన ఉంటున్నడంట గదా" అన్నారట. ఆ మగాయన ఆమె బావ. అక్క చనిపోయింది. బావకు కాలు విరిగి పని పోయింది. ముందు గదిలో పడి ఉంటున్నాడు. అద్దెలో సగం ఇస్తానన్నాడు కానీ అదీ ఇవ్వలేకపోతున్నాడు. "ఆయనకే నేను గంజి పోస్తున్న. ఆయన నన్ను సాకుతున్నడని ఎవరు చెప్పిన్రక్కా? ఇది ఎవరికి చెప్పుకోవాలె?" అని అడిగింది.

సమాజశాస్త్రంలో డాక్టరేటు తీసుకుని, పదిహేనేళ్లుగా సంక్షేమ పథకాలకూ కుటుంబ వ్యవస్థకూ ఉన్న సంబంధం మీదే పనిచేస్తున్న నాకు ఆ చివరి ప్రశ్నకు జవాబు తెలియలేదు. అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. ప్రజావాణిలో ఇవ్వచ్చు. ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడవచ్చు. హైకోర్టుకు వెళ్లవచ్చు. మొదటి మూడూ బతిమాలుకోవడం. నాలుగోది ఆమెకు అందనిది. బతిమాలుకోవడానికీ హైకోర్టుకూ మధ్య, ఒక పేద స్త్రీ "మీ నిర్ణయం తప్పు" అని నిలదీసి చెప్పగలిగే చోటు ఒకటి ఉండాలి కదా? ఈ సంచిక సంపాదకీయానికి ఆ ప్రశ్నే ఆధారం.

అటువంటి చోటు కొన్ని దేశాల్లో ఉంది. అది ఉన్నంత మాత్రాన స్త్రీలకు న్యాయం జరిగిపోయిందా అంటే, లేదు. ఉన్నచోట ఏం జరిగిందో తెలుసుకుంటే, లేనిచోట మనం ఏం అడగాలో తెలుస్తుంది. అందుకే నేను బాగా చదివిన ఒక ఉదాహరణను మీ ముందు పెడుతున్నాను. అది కెనడాలోని ఒంటారియో రాష్ట్రం. అక్కడ పేదలకిచ్చే నెలసరి సహాయాన్ని ఆపేసినా, తగ్గించినా, నిరాకరించినా విని తీర్పు చెప్పడానికి సామాజిక సహాయ అప్పీళ్ల ట్రిబ్యునల్ ఒకటి ఉంది. మా వీధి ఆమెకు ఎదురైన ప్రశ్నే, "నీ ఇంట్లో ఉన్న మగవాడెవరు?" అన్న ప్రశ్నే, అక్కడ వేలాది స్త్రీలకు ఎదురైంది.

సహాయమా, కాపలానా?

ఒంటారియోలో తల్లుల భత్యం చట్టం 1920లో వచ్చింది. మొదట్లో ఇద్దరు లేక అంతకుమించి పిల్లలున్న వితంతువులకే ప్రధానంగా ఆ సహాయం అందేది. అందులోనూ ఒక షరతు ఉంది. ఆ తల్లి "తగిన మనిషి" అయి ఉండాలి. తగునో తగదో తేల్చేది ఆమె ఇంటికి వచ్చిపోయే అధికారులు. ఇల్లు శుభ్రంగా ఉందా, పిల్లలు బడికి పోతున్నారా అన్న వాటితోపాటు ఇంటికి ఎవరొస్తున్నారన్నది కూడా వారి విచారణలో భాగమే. పెళ్లికాని తల్లులకు 1950ల దాకా ఆ చట్టంలో చోటే లేదు. అంటే రాజ్యం పేద స్త్రీకి భర్త స్థానంలో నిలబడి తిండి పెట్టింది, భర్తలాగే కాపలా కూడా కాసింది.

కాలం మారినా ఆ కాపలా పోలేదు. 1987 వరకు అమలులో ఉన్న నిబంధనలను అక్కడి స్త్రీలు "ఇంట్లో మగవాడి రూలు" అనేవారు. మగవాడితో భార్యాభర్తల్లా కలిసి ఉంటున్నట్టు అధికారికి అనిపిస్తే సహాయం ఆగిపోయేది. స్త్రీల సంఘాలు పోరాడిన మీదట 1987లో ఆ నిబంధన మారింది. కలిసి ఉండటం మొదలుపెట్టిన మూడేళ్ల వరకు ఆ ఇద్దరినీ దంపతులుగా లెక్కించకూడదని వచ్చింది. ఈ మూడేళ్లు గాలిలోంచి పుట్టిన అంకె కాదు. ఆ రాష్ట్ర కుటుంబ చట్టం ప్రకారం, పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న ఇద్దరికీ బిడ్డ లేకపోతే, ఒకరినొకరు పోషించే బాధ్యత మూడేళ్ల తర్వాతే ఏర్పడుతుంది. మగవాడికి పోషించే బాధ్యత ఎప్పుడు వస్తుందో అప్పుడే రాజ్యం తన బాధ్యత నుంచి తప్పుకోవచ్చుననే తర్కం అది.

1995లో అధికారంలోకి వచ్చిన మైక్ హారిస్ ప్రభుత్వం ఆ అక్టోబరులో రెండు పనులు చేసింది. సహాయం మొత్తాన్ని 21.6 శాతం కోసేసింది. దాంతోపాటు "జీవిత భాగస్వామి" అన్న మాటకు నిర్వచనాన్ని మార్చింది. కొత్త నిబంధన ప్రకారం ఒక స్త్రీ ఒక పురుషుడితో ఒకే ఇంట్లో ఉంటే అతను ఆమె భాగస్వామే అని మొదటి రోజు నుంచే అనుకోవచ్చు. కాదని రుజువు చేసుకోవలసిన భారం ఆమెదే. అందుకు ఆమె ఒక ప్రశ్నావళి నింపాలి. మీ ఇద్దరికీ కలిసిన స్నేహితులున్నారా? ఇద్దరూ కలిసి బయటికి వెళ్తారా? ఒకరి బట్టలు ఒకరు ఉతుకుతారా? ఇలాంటివి ఆ ప్రశ్నలు. శారీరక సంబంధం గురించి అడగకూడదని నిబంధనలోనే ఉంది. అది అడగకుండా మిగతావన్నీ అడిగారు.

ఈ మార్పుతో కొద్ది నెలల్లోనే పదివేల మందికి పైగా ఒంటరివారుగా అందుకుంటున్న సహాయాన్ని కోల్పోయారు. వారిలో 89 శాతం మంది స్త్రీలు. ఎక్కువ మంది పిల్లలున్న ఒంటరి తల్లులు.

ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. ఆ ఇంట్లో ఉన్న మగవాడు ఆమె పిల్లలకు తండ్రి కాదు. చట్టప్రకారం వారిని పోషించవలసిన బాధ్యత అతనికి లేదు. రేపు అతను సంచీ సర్దుకుని వెళ్లిపోతే ఏ కోర్టూ అతన్ని ఆపదు. అయినా ఆమె ఇక నుంచి అతని మీద ఆధారపడాలి. ఆధారపడటం ఇష్టం లేకపోతే ఒంటరిగా ఉండాలి. స్నేహానికీ ప్రేమకూ, ఇల్లు గడవక గది అద్దెకివ్వడానికీ కూడా ఆమె చెల్లించవలసిన ధర ఆ నెల తిండి. ఆ ధర ధనవంతురాలికి లేదు. బంధం కుదురుతుందో లేదో చూసుకునే వ్యవధి ఉన్నవాళ్లకే ఉంటుందన్నమాట.

నలుగురు తల్లుల కేసు

ఈ నిర్వచనాన్ని నలుగురు ఒంటరి తల్లులు సవాలు చేశారు. అందులో ఒకామె ఇంటిపేరుతో అది ఫాల్కినర్ కేసుగా న్యాయశాస్త్ర గ్రంథాల్లో నిలిచిపోయింది. ఆ నలుగురూ ఒక్కొక్కరు ఒక పురుషుడితో ఏడాదిలోపే కలిసి ఉంటున్నవారు. 1996లో వాళ్లు నేరుగా కోర్టుకు వెళితే, ముందు అప్పీళ్ల బోర్డుకు వెళ్లి రమ్మన్నారు. ఆనాటి బోర్డు వారి వాదన విని, 1998లో, ఈ నిర్వచనం రాజ్యాంగంలోని హక్కుల చార్టర్‌కు విరుద్ధమని తేల్చింది. ప్రభుత్వం అప్పీలు చేసింది. 2000లో డివిజనల్ కోర్టులో, 2002 మేలో అప్పీలు కోర్టులో స్త్రీలే గెలిచారు.

అప్పీలు కోర్టు తరఫున జస్టిస్ లాస్కిన్ రాసిన తీర్పులో రెండు అంశాలు మనం గుర్తుంచుకోదగినవి. మొదటిది, నిబంధన పైకి స్త్రీ పురుషులిద్దరికీ ఒక్కటే అయినా దాని దెబ్బ ప్రధానంగా స్త్రీల మీద పడింది కనుక అది లింగవివక్షేనని ఒప్పుకోవడం. రెండవది, ప్రభుత్వ సహాయం మీద బతకడం అనే స్థితి కూడా వివక్షకు ఒక ఆధారమని గుర్తించడం. జాతి, మతం, లింగం లాగానే పేదరికపు ముద్ర కూడా మనిషిని తక్కువ చేసి చూడటానికి కారణమవుతుందని ఒక పెద్ద కోర్టు చెప్పడం చిన్న విషయం కాదు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది కానీ, 2003 ఎన్నికల్లో అధికారం మారాక ఆ అప్పీలును వదులుకుంది. తర్వాత నిబంధన మారింది. మొదటి రోజు పోయి మూడు నెలలు వచ్చింది. మూడేళ్లు మాత్రం తిరిగి రాలేదు. గెలిచిన పోరాటాలు కూడా సగమే గెలుస్తాయని స్త్రీల ఉద్యమానికి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇలాంటి రూలు ఒక్క ఒంటారియోదే కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రం 1960లలో ఒక నిబంధన పెట్టింది. తల్లి ఏ పురుషుడితోనైనా సంబంధంలో ఉంటే, అతను ఆ పిల్లలకు "మారు తండ్రి" కాబట్టి పిల్లల సహాయం ఆపేయాలన్నది ఆ నిబంధన. దాదాపు పదహారు వేల మంది పిల్లలు దాని వల్ల సహాయం కోల్పోయారు. నష్టపోయింది ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు. ఒక నల్లజాతి తల్లి వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1968లో దాన్ని కొట్టేసింది. 1970లో న్యూయార్కు నుంచి వచ్చిన గోల్డ్‌బర్గ్ కేసులో అదే కోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. సహాయం ఆపేయడానికి ముందే ఆ మనిషి మాట వినాలి, ఆపేశాక కాదు అన్నది. కారణం సులభం. ఆ డబ్బు మీదే బతికే మనిషి, అది లేకుండా, తన హక్కు కోసం నెలల తరబడి పోరాడలేదు.

చట్టం ఏమంటుంది?

ఇప్పుడు ట్రిబ్యునల్ సంగతికి వద్దాం. 1997లో ఒంటారియో శాసనసభ రెండు చట్టాలు చేసింది. ఒకటి పనిచేయగలవారికి సంబంధించిన ఒంటారియో వర్క్స్ చట్టం, రెండోది వికలాంగుల సహాయ చట్టం. పాత అప్పీళ్ల బోర్డు స్థానంలో సోషల్ బెనిఫిట్స్ ట్రిబ్యునల్ ఈ చట్టాల కిందే ఏర్పడింది. 2019 నుంచి అది ఇతర ట్రిబ్యునళ్లతో కలిపి ట్రిబ్యునల్స్ ఒంటారియో అనే గొడుగు కిందికి వచ్చింది.

పద్ధతి ఇది. సహాయం ఆపినా, తగ్గించినా, ఇవ్వకపోయినా ఆ నిర్ణయాన్ని రాతపూర్వకంగా, కారణాలతో తెలియజేయాలి. నష్టపోయిన మనిషి 30 రోజుల్లో అదే ఆఫీసును అంతర్గత సమీక్ష కోరాలి. ఈ మెట్టు దాటకుండా ముందుకు పోవడానికి వీల్లేదు. సమీక్షలో ఓడిపోతే ఇంకో 30 రోజుల్లో ట్రిబ్యునల్‌కు అప్పీలు. అక్కడ ఓడితే చట్టపరమైన అంశం మీద మాత్రమే డివిజనల్ కోర్టుకు వెళ్లవచ్చు. ట్రిబ్యునల్ విచారణ బహిరంగంగా జరగదు. తన పేదరికాన్నీ జబ్బునూ పదిమంది ముందు పరచుకోవలసిన పని లేకుండా చేసిన ఏర్పాటు అది. ప్లీడరును పెట్టుకోనక్కరలేదు. న్యాయసహాయ క్లినిక్కుల వాళ్లు తోడు రావచ్చు.

మన కళ్లతో చూస్తే ఇదంతా గొప్పగానే కనిపిస్తుంది. కానీ చట్టాన్ని దగ్గరగా చదివితే తలుపు ఎంత తెరిచారో అంత మూసినట్టు కూడా తెలుస్తుంది.

ఒకటి, రుజువు భారం. ఆఫీసు తీసుకున్న నిర్ణయం సరైనదని ఆఫీసు నిరూపించనక్కరలేదు. అది తప్పని అప్పీలు చేసిన మనిషే నిరూపించాలి. "అతను నా భర్త కాదు" అని ఎలా రుజువు చేస్తారు? ఉన్నదాన్ని చూపించవచ్చు, లేనిదాన్ని ఎక్కణ్నుంచి తెచ్చి చూపిస్తారు?

రెండు, మధ్యకాలపు సహాయం. అప్పీలు తేలేదాకా ఇల్లు గడవని స్థితి ఉంటే ట్రిబ్యునల్ తాత్కాలికంగా డబ్బు ఇప్పించవచ్చు. ఇది మంచి నిబంధన. కాకపోతే చివరికి ఓడిపోతే ఆ డబ్బంతా బాకీ కింద మారుతుంది. అందుకే కొందరు స్త్రీలు దాన్ని అడగడానికే భయపడతారు.

మూడు, అన్నిటికంటే ముఖ్యమైనది. ఒంటారియో వర్క్స్ చట్టం సెక్షన్ 67(2) ప్రకారం చట్టంగానీ నిబంధనగానీ రాజ్యాంగబద్ధమా కాదా అన్నది ట్రిబ్యునల్ విచారించకూడదు. ఫాల్కినర్ కేసులో పాత బోర్డు చేసిన పని సరిగ్గా అదే! స్త్రీలు ఏ మెట్టు మీద మొదటిసారి గెలిచారో ఆ మెట్టునే కొత్త చట్టం తీసేసింది. ఇప్పుడు అలాంటి సవాలు చేయాలంటే పెద్ద కోర్టుకే వెళ్లాలి. దానికయ్యే డబ్బూ కాలమూ ఎవరి దగ్గరున్నాయి?

2006లో కెనడా సుప్రీంకోర్టు ట్రాంష్‌మోంటాన్య్ కేసులో ఈ మూసిన తలుపుకు ఒక సందు చేసింది. వ్యసనం ఒక్కటే కారణమైన వైకల్యానికి వికలాంగ సహాయం ఇవ్వకూడదన్న నిబంధనను ఇద్దరు వ్యక్తులు సవాలు చేశారు. రాజ్యాంగం సంగతి చూడవద్దని చట్టం చెప్పినా, రాష్ట్ర మానవహక్కుల కోడ్‌ను చూడవద్దని చెప్పలేదు గదా, కనుక ట్రిబ్యునల్ దాన్ని అమలు చేయాల్సిందేనని నలుగురు న్యాయమూర్తులు అన్నారు. ముగ్గురు కాదన్నారు. ఆ ఒక్క ఓటు తేడాతో, పేదలు మొట్టమొదట చేరే గుమ్మం దగ్గరే వివక్ష ప్రశ్నను లేవనెత్తే హక్కు నిలిచింది. మానవహక్కుల చట్టం పెద్ద కోర్టుల అలంకారం కాదనీ, రోజూ పేదలతో వ్యవహరించే చోట అది పనిచేయాలనీ ఆ తీర్పు సారాంశం.

ఈ సందులన్నీ ఉన్నా, అందని వాళ్లుంటారు. 2001 ఆగస్టులో సడ్‌బరీ పట్టణంలో ఎనిమిది నెలల గర్భిణి ఒకామె, ఎండలు మండిపోతున్న రోజుల్లో, తన గదిలోనే చనిపోయింది. చదువుకోసం తీసుకున్న విద్యార్థి రుణం సంగతి దాచి సహాయం తీసుకుందని ఆమెకు గృహనిర్బంధం శిక్ష పడింది. సహాయం కూడా ఆపేశారు. కోర్టు దాన్ని తాత్కాలికంగా పునరుద్ధరించింది కానీ నిర్బంధం కొనసాగింది. మోసం చేశారని తేలినవారికి జీవితాంతం సహాయం ఇవ్వకూడదని 2000లో ఆ ప్రభుత్వం తెచ్చిన నిబంధనను ఎత్తేయాలని ఆమె మరణంపై విచారణ జరిపిన జ్యూరీ 2002లో సిఫారసు చేసింది. తర్వాతి ప్రభుత్వం ఎత్తేసింది. పేదల "మోసం" పట్ల సమాజానికుండే కోపం, పన్ను ఎగ్గొట్టే పెద్దమనుషుల మీద ఎందుకు రాదో అని ఆ ఉదంతం చదివినప్పుడల్లా నాకనిపిస్తుంది. సహాయం మొత్తమూ కడుపు నింపేదేం కాదు. ఒంటరి మనిషికి నెలకు 733 డాలర్లు అని 2018లో నిర్ణయించిన అంకె ఆ తర్వాత ఏళ్ల తరబడి కదల్లేదు. టొరంటోలో దానితో ఒక గది కూడా రాదు.

మనవాళ్లకు దీనితో పనేమిటి?

టొరంటోలో, బ్రాంప్టన్‌లో, మిస్సిసాగాలో ఇవాళ తెలుగు కుటుంబాలు తక్కువేం లేవు. భర్త స్పాన్సర్ చేస్తే వెళ్లిన భార్యలూ, పిల్లలు స్పాన్సర్ చేస్తే వెళ్లిన అమ్మలూ అత్తలూ ఉన్నారు. స్పాన్సర్ చేసినవారు వారిని పోషిస్తామని ప్రభుత్వానికి హామీపత్రం రాసిస్తారు. భార్యకైతే మూడేళ్లు. తల్లిదండ్రులకు ఒకప్పుడు పదేళ్లుండేది, 2014 నుంచి ఇరవై ఏళ్లయింది. ఈ కాలంలో ఆ స్త్రీ ప్రభుత్వ సహాయం తీసుకుంటే అది స్పాన్సర్ మీద బాకీ అవుతుంది. 2011లో మావి కేసులో సుప్రీంకోర్టు, ఆ బాకీలు చెల్లుతాయి కానీ వసూలు చేసేముందు వారికి తెలియజేసి, వారి పరిస్థితి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని తీర్పు చెప్పింది.

కొట్టే భర్తను వదిలి బయటికొచ్చిన స్త్రీకి ఈ కాగితం ఎంత బరువో ఊహించండి. సహాయం అడిగితే అతని పేరున బాకీ, అతను ఇండియాలో ఉన్న మన అమ్మానాన్నలను పీడిస్తాడేమోనన్న భయం. దీనికి తోడు 2012 నుంచి 2017 దాకా, కొత్తగా పెళ్లయి వచ్చిన భార్య రెండేళ్లు భర్తతో కలిసి ఉంటేనే శాశ్వత నివాసం నిలుస్తుందన్న షరతు కూడా ఉండేది. హింసకు మినహాయింపు ఉందన్నారు కానీ, భాష రాని కొత్త పెళ్లికూతురికి ఆ మినహాయింపు ఉందని చెప్పేదెవరు? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అక్కడున్న మన చెల్లెళ్లకు ఈ పత్రిక అందితే, నిర్ణయం కాగితం మీద అడగవచ్చుననీ 30 రోజుల గడువు దాటనివ్వవద్దనీ న్యాయసహాయ క్లినిక్కులు ఉచితమనీ వాళ్లకు తెలియాలని నా కోరిక.

ఇక మన దగ్గరికి

ఇప్పుడు మా వీధి ఆమె ప్రశ్నకు వస్తాను. తెలంగాణలో ఒంటరి మహిళల పింఛను 2017లో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2016 రూపాయలయింది. భర్త వదిలేసిన స్త్రీలనూ పెళ్లికాని స్త్రీలనూ రాజ్యం ఒక వర్గంగా గుర్తించడం మంచి అడుగే. కానీ ఇది పథకం, చట్టం కాదు. ప్రభుత్వ ఉత్తర్వుతో వస్తుంది, ఉత్తర్వుతో పోతుంది. కేంద్రం 1995లో మొదలుపెట్టిన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమమూ అంతే. హక్కుగా రాసివ్వనిదాన్ని పోగొట్టుకున్నామని ఏ గుమ్మం ముందు చెబుతాం?

చట్టం ఉన్నచోట పరిస్థితి కొంత నయం. 2013 ఆహార భద్రతా చట్టం పద్దెనిమిదేళ్లు నిండిన పెద్ద స్త్రీనే రేషను కార్డుకు ఇంటి యజమానిగా గుర్తించింది. జిల్లా స్థాయిలో ఫిర్యాదుల పరిష్కార అధికారినీ రాష్ట్ర స్థాయిలో ఆహార కమిషన్‌నూ పెట్టమంది. అయినా ఏమయింది? తెలంగాణలో 2016లో సుమారు 19 లక్షల రేషను కార్డులు కంప్యూటరు లెక్కల ఆధారంగా రద్దయ్యాయి. ముందుగా నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసింది లేదు. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో, ఆ కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించవలసి వచ్చింది. ఆరేళ్లు! ఆరేళ్లలో ఒక పసిపిల్ల బడికి పోయే వయసుకు వస్తుంది.

ఇక్కడ ఇంకో వైరుధ్యాన్ని చూడండి. 2010లో వేలుసామి కేసులో మన సుప్రీంకోర్టు, పెళ్లి కాకుండా కలిసి ఉన్న స్త్రీ గృహహింస చట్టం కింద భృతి కోరాలంటే ఆ బంధం "వివాహం వంటిది" అని రుజువు కావాలంది. తగిన వయసుండాలి, పెళ్లి చేసుకోగల అర్హత ఉండాలి, భార్యాభర్తలుగా నలుగురిలో మెలిగి ఉండాలి, గణనీయమైన కాలం కలిసి ఉండాలి. ఆ తీర్పులో "ఉంపుడుగత్తె" అనే అర్థమిచ్చే మాట వాడినందుకు స్త్రీల తరఫు న్యాయవాదులు అప్పుడే అభ్యంతరం చెప్పారు. అంటే మగవాడి నుంచి రాబట్టుకోవాలంటే స్త్రీ తాను భార్యనని పదిరకాలుగా రుజువు చేసుకోవాలి. రాజ్యం నుంచి పొందాలంటే తాను ఎవరికీ భార్యను కానని రుజువు చేసుకోవాలి. మొదటిదానికి ఏళ్ల కాపురం చాలదు. రెండోదానికి ముందు గదిలో ఒక మగ చెప్పుల జత చాలు. ఒంటారియోలో అయినా మన ఊళ్లో అయినా ఈ రెండు కొలతలూ ఒకే చేతిలో ఉన్నాయి. రెండిటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. స్త్రీని పోషించేవాడు ఎక్కడో ఒకడు ఉంటాడు, ఉండాలి.

ఒక అభ్యంతరం న్యాయంగా చర్చించదగినది. పెళ్లయిన జంట ఆదాయాన్ని కలిపి లెక్కిస్తున్నప్పుడు, కలిసి ఉన్న జంటకు మాత్రం మినహాయింపు ఎందుకని అడుగుతారు. ఇద్దరు ఒక ఇంట్లో ఉంటే ఖర్చు తగ్గుతుంది గదా అంటారు. నిజమే. అయితే ఆ తగ్గిన ఖర్చును లెక్కపెట్టండి. అతను నెలకు ఇంత ఇస్తున్నాడని తేలితే అంత తగ్గించండి. మనిషి ఉనికినే డబ్బుగా లెక్కకట్టకండి. ఇంట్లో మగవాడున్నాడన్నది ఆదాయం కాదు. చాలా ఇళ్లలో అది ఖర్చు. ఈ విషయం చెప్పడానికి డాక్టరేటు అవసరం లేదు, ఏ బస్తీలో ఏ స్త్రీని అడిగినా చెబుతుంది.

మనం ఏం అడగాలి?

ఒంటారియో నమూనాను తెచ్చి ఇక్కడ అతికించమని నేననడం లేదు. దాని లోపాలు చూశాం. కానీ ఆ అనుభవం నుంచి కొన్ని కనీస డిమాండ్లు తయారు చేసుకోవచ్చు. సామాజిక పింఛన్లకు చట్టబద్ధత ఉండాలి. ఆపే ముందు నోటీసు, కారణం, చెప్పుకునే అవకాశం ఉండాలి. అవి తేలేదాకా డబ్బు ఆగకూడదు. మగవాడున్నాడని ఆరోపించేవారే అతను పోషిస్తున్నాడని చూపాలి, కాదని ఆమె చూపనక్కరలేదు. ఆపిన శాఖకు చెందని వారు, సగం మందైనా స్త్రీలు, మండల స్థాయిలో, తెలుగులో, ఉర్దూలో, గిరిజన ప్రాంతాల్లో వారి భాషలో, ప్లీడరు అవసరం లేకుండా అప్పీలు వినాలి. ఆమె తోడుగా ఎవరినైనా తెచ్చుకోగలగాలి. వివక్ష ప్రశ్నను అక్కడే లేవనెత్తే హక్కు ఉండాలి, ఆ హక్కును వెనక్కు తీసుకునే సెక్షన్లు చట్టంలోకి దొంగదారిన రాకుండా మనం కాపు కాయాలి.

ఇవన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకోనక్కరలేదు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం, తమ నిర్ణయాల వల్ల ప్రభావితమైన వారికి ప్రభుత్వ కార్యాలయాలు కారణాలు తెలియజేయాలి. చాలామందికి తెలియని సెక్షన్ ఇది. "నా పింఛను ఎందుకు ఆపారో కాగితం మీద రాసివ్వండి" అని అడగడం మొదటి మెట్టు. కాగితం లేనిదే దేనిమీద పోట్లాడతాం?

ఆ మెట్టు నుంచే మేమూ మొదలుపెట్టాం. ఆమె, నేను, ఆమెలాగే పింఛను ఆగిన మరో ముగ్గురు స్త్రీలు కలిసి ఆఫీసుకు వెళ్లాం. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. కాగితం లేదు, కంప్యూటరులోనే ఆగిపోయిందన్నాడు. అర్జీ తీసుకుని రసీదు ఇచ్చాడు. ఇది రాసే నాటికి జవాబు రాలేదు. బయటికొచ్చాక బస్టాపులో నిలబడి ఆమె ఆ రసీదును మడిచి కొంగున ముడేసుకుంటూ అంది, "ఇన్నేండ్ల నుంచి ఆఫీసుల చుట్టూ తిరిగిన గని అక్కా, తిరిగినట్టు వాళ్లతోని రాయించుకున్నది ఇయ్యాల్నే."

మీ ఊళ్లో, మీ బస్తీలో ఇలా పింఛను ఆగిన స్త్రీల వివరాలు, వాళ్లకు చెప్పిన కారణాలు, అసలు చెప్పారో లేదో, మాకు రాయండి. వచ్చే సంచికల్లో వాటిని ఒకచోట పెడదాం.